మా ఆయనకు మతి లేదని ఊరంతా చదివిన సంగతి

ఆ రోజు పొద్దున మాకు గొడవైంది మేడ స్లాబు పోసిన రోజు గురించి. ఆయన సోమవారం అన్నారు. నేను నోట్‌బుక్కు తెచ్చి గురువారమని పక్కింటివాళ్ల ముందే చూపించాను. నేను రాసుకున్నది తప్పడం అరుదు. ఆయన చెప్పులు వేసుకుంటూ, "ఆ పుస్తకంతోనే కాపురం చెయ్యి ఇగ" అని వెళ్లిపోయారు. ఫోను మంచం మీదే ఉంది.

పన్నెండింటికి అన్నం డబ్బా పట్టుకుని మిల్లుకు వెళ్లాను. ఇక్కడి మిర్యాలగూడ మిల్లులో ఆయన ముప్పైఆరేళ్లుగా ధాన్యం చూస్తారు. గింజను పంటికింద పెట్టి కొరికి తేమ ఎంతో చెబుతారు. ఆయన మాట మీదే రైతులు ట్రాక్టర్లు దించేవాళ్లు. ఆ రోజు అసలు రాలేదన్నారు.

నేను చేయాల్సింది ఒక్క ఫోను. కోదాడలో ఆయన చెల్లెలుంది. కానీ మా మనవరాలి చెవులు కుట్టించినప్పుడు పెట్టుబడి చీర దగ్గర మాట తేడా వచ్చి, నాలుగేళ్ల రెండు నెలలుగా నాకూ మా ఆడబిడ్డకూ మాటలు లేవు. ముందు నేను చేయకూడదనుకున్నాను. సూర్యాపేటలో ఉన్న అల్లుడికి చేశాను. అతను ఫోనులో స్థానిక వార్తల పేజీ నడుపుతాడు.

"అత్తమ్మా, పరేషాన్ గాకు. ఫొటో పంపు, గంటల జిల్లా మొత్తం తిప్పుత" అన్నాడు.

రాసింది చదివి వినిపించాడు. డెబ్బై ఏళ్లన్నాడు. డెబ్బైఒకటి దాటి నాలుగు నెలలని దిద్దించాను. తెల్ల చొక్కా అన్నాడు. గోధుమరంగు గీతలున్నాయన్నాను.

"సరే గని అత్తమ్మా, ఉత్తగ కనిపిస్తలేడంటే ఎవ్వలు ఆగి సూడరు. మతి సరిగ లేదని పెడుత."

"ఆయన మతికేమైంది? మంచిగనే ఉన్నది గదా."

"నాకు తెల్వదా? గట్ల పెడితెనే జనం షేర్ చేస్తరు. దొరికినంక తీసేద్దం."

"మరి తేదీ?"

"తేదీ పెడితే రేపటికి పాతబడతది. 'ఈరోజు పొద్దుటి నుంచి' అని పెడుదం."

చొక్కా గీతల దగ్గర పట్టుబట్టిన నేను, ఆ రెండింటికీ సరేనన్నాను.

నాలుగింటికి నూటపన్నెండు షేర్లు. ఆరింటికి తొమ్మిది వందల నలభై. నేను గంటగంటకూ రాసుకున్నాను. అంకె పెరిగినప్పుడల్లా ఆయన ఒక ఊరు దగ్గరికొచ్చినట్టే అనిపించింది. సంతోషపడ్డానని ఒప్పుకుంటాను.

ఏడున్నరకు కోదాడ నుంచి మా ఆడబిడ్డే చేసింది.

"ఏం వదినా, మా అన్నకు పిచ్చా? నా పక్కన కూర్చుని పప్పుచారు పోసుకుంటున్నాడు. నా మనవడు ఫోను తెచ్చి తాతకే చూపించాడు. నాకు ఒక్క ఫోను చేస్తే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

ఆయన మర్నాడు మొదటి బస్సుకే వచ్చారు.

"నాకు మతి లేదని ఎవలు రాసిండ్రు?"

"అల్లుడు రాసిండు. నేను సరే అన్న."

మంచినీళ్లు తాగి, గ్లాసు బోర్లించి, లోపలికి వెళ్లారు.

అల్లుడు తన పేజీలోది తీసేశాడు. దొరికారని వేరే రాసి పెట్టాడు కూడా. దానికి ముప్పైఒక్క షేర్లు వచ్చాయి. మొదటిది అప్పటికే ఎవరెవరి పేజీల్లోకో వెళ్లిపోయింది. ఒకరు దానికి ఏడుపు సంగీతం జోడించారు. "నా దాంట్ల తీసేసిన అత్తమ్మా. వేరేటోళ్లది నా చేతుల లేదు" అన్నాడు. తేదీ లేదు కాబట్టి అది చూసిన ప్రతివాళ్లకూ ఆ రోజుదే. హాలియా నుంచి, హుజూర్‌నగర్ నుంచి ఫోన్లు. కనిపించిన ప్రతిచోటా కింద నేనే టైపు చేశాను: దొరికారు, మతి బాగానే ఉంది అని. నలభైమూడు చోట్ల రాశాను. ఒకావిడ దానికి, "ధైర్యంగా ఉండండి అమ్మా" అని జవాబిచ్చింది.

వరికోతలు మొదలయ్యాయి. అన్నం డబ్బాతో మిల్లుకు వెళ్లేసరికి మాడుగులపల్లి రైతు ట్రాక్టరు ఆగి ఉంది. ఆయన గింజ కొరికి, "పదిహేడు ఉంటది" అన్నారు.

"తాతా, నువ్వు జర నీడకు కూసో" అన్నాడు రైతు నెమ్మదిగా. తర్వాత గుమాస్తా వైపు తిరిగి, "అన్నా, మిషిన్ల పెట్టి సూడు" అన్నాడు.

మిషనూ పదిహేడే చూపించింది. రైతు తలూపాడు కానీ, తర్వాతి బస్తా గింజలు కూడా మిషన్‌లోనే పోయించాడు. షావుకారు నన్ను పక్కకు పిలిచి, "అమ్మా, ఈ సీజనుకు ఆయనను ఇంటికాడనే ఉంచుండ్రి. జీతం ఎటూ పోదు" అన్నాడు. షావుకారు మంచివాడే. ఏ మాట చెబితే అతని అనుమానం తీరుతుందో నాకు తోచలేదు.

ఇద్దరం ఇంటికి నడుస్తున్నాం. ఆయన ఎప్పటిలాగే నాకన్నా పది అడుగులు ముందున్నారు. కూరగాయల సంచితో ఆటో దిగిన ఒకామె ఆయన్ను చూసి ఆగింది, ఫోను చూసుకుంది, వచ్చి ఆయన మోచేయి పట్టుకుంది.

"తాతా, మీ ఇల్లు యాడ? మీవోళ్లు వెతుకుతున్నరు, పద."

నేను గబగబా వెళ్లి, "నా భర్తేనమ్మా" అన్నాను.

"అయ్యో, గట్ల ఇడిసిపెట్టి నడుస్తరా? చెయ్యి పట్టుకొని తీస్కపో పెద్దమ్మా."

మేము మలుపు తిరిగేదాకా ఆమె అక్కడే నిలబడి చూస్తానంది. నేను ఆయన చేయి పట్టుకున్నాను. యాభైఒక్క ఏళ్ల కాపురంలో మేమెన్నడూ వీధిలో అలా నడవలేదు. విదిలించుకుంటారనుకున్నాను. విదిలించుకోలేదు.