నీలంలో మునిగిపోయిన ర్యాంపు

మా చర్చి కొత్త భవనానికి నేను గీసిన షీటు మొదట తెల్లగానే ఉంది. నల్లటి గీతలతో గోడలు, కిటికీలు, ముందు ఐదు మెట్లు, కుడిపక్క గోడ వెంట వాలుగా ఎక్కే ర్యాంపు. ఆ ర్యాంపు మా టీచరమ్మగారి కోసం. సండే స్కూల్లో నాకు వాక్యాలు కంఠస్థం చేయించింది ఆవిడే. కాళ్లు పడిపోయాక చక్రాల కుర్చీలో వస్తున్నారు. పాత చర్చి గుమ్మం నేలకు సమానం. కొత్తదాన్ని వాన నీళ్లకు భయపడి ఎత్తు లేపాం. ర్యాంపు లేకపోతే ఆవిడ బయటే.

నర్సీపట్నంలో ఇళ్ల ప్లాన్లు గీసే ఆఫీసులో నాది ఉద్యోగం. షీటు ప్రింటు తీసే ముందు చూస్తానని మా సంఘ పెద్ద ఒకాయన వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏటమ్మా ఇది, సావు కార్డులాగ? ఎనకాల రంగేదైనా ఎయ్యి. నీలం ఎయ్యి, పరలోకంలాగుంటాది."

వేశాను. కంప్యూటర్‌లో కాగితమంత డబ్బా గీసి, ముదురు నీలం నింపి, అన్నిటికంటే వెనక్కి పంపాను. బొమ్మల వెనకున్న తెలుపు తీసేశాను. నల్ల గీతలు నీలంలో కలిసిపోయాయి. గోడల గీతలు, మెట్ల గీతలు తెల్లగా మార్చాను. ర్యాంపు వేరే లేయర్‌లో, అంటే విడిగా గీసిన పొరలో ఉంది. అది నల్లగానే ఉండిపోయి, మునిగిపోయింది.

"ర్యాంపు కనబడట్లేదండి, ఒక్క నిమిషం," అన్నాను.

"కనబడకపోతే ఏటైపోద్ది? ముందర ఎంత దర్జాగుందో సూడు! ఆ వాలుబల్ల ఒకటి, ఆసుపత్రిలాగ. అలాగే ఉంచియ్యి. బేగి తియ్యి, పాస్టరుగారు ఎదురు సూస్తన్నారు."

రెండు నొక్కులు నొక్కితే తెల్లబడేది. నేను నొక్కలేదు. ఆదివారం ఆరాధన తర్వాత ఆ షీటు గోడకు తగిలించారు. "పరలోకమే!" అన్నారు ఎవరో. అందరూ చేతులెత్తారు. పొగడ్తలు విని నేను మురిసిపోయాను కూడా. మేస్త్రీ చేతికి అదే కాగితం వెళ్లింది. అతను ఉన్నదున్నట్టు, ర్యాంపు లేకుండా కట్టాడు.

ప్రతిష్ఠ రోజు నలుగురు కుర్రాళ్లు టీచరమ్మగారిని కుర్చీతో సహా ఎత్తారు. మూడో మెట్టు మీద కుర్చీ ఒరిగింది. పాటల పుస్తకం కింద పడింది, ఆవిడ చీర కుచ్చిళ్లు చక్రంలో చిక్కుకున్నాయి. అందరూ చూశారు. మరుసటి వారం నుంచి ఆవిడ ఎత్తనివ్వలేదు. మెట్ల కింద, ఎండలో, గొడుగు వేసుకుని కూర్చున్నారు. ముప్పై ఏళ్లు పాట ఎత్తిన మనిషి. ఇప్పుడు లోపల మేం ఒక చరణం ముగించాక బయట ఆవిడ గొంతు ముగిసేది.

పెద్దను అడిగాను. "కమిటీలో పెడదాం" అన్నాడు. మళ్లీ అడిగాను. "మైకు బయటికి పెట్టించాం కదమ్మా, ఇంకేటి?" అన్నాడు. మైకట! బైబిల్లో పక్షవాయువు రోగిని యేసు దగ్గరికి మోసుకొచ్చిన నలుగురూ గుమ్మంలో జనాన్ని చూసి వెనక్కి పోలేదు. పరాయి ఇంటి పైకప్పు విప్పారు. అదే భాగం మీద ఈయన ఎన్ని ప్రసంగాలు చెయ్యలేదు!

ఒక ఆదివారం టీచరమ్మగారే నన్ను పిలిచారు.

"ర్యాంపు గీసేవని మేస్త్రీ పెళ్లాంతో అన్నావంట. నిజవేనా?"

"నిజమేనండి."

"ఆ నీలంలో కనబడనేదని నీకు తెల్సా?"

"తెలుసండి."

"మరెందుకూరుకున్నావే?"

పెద్ద మీద మండుతున్న కోపం అక్కడికక్కడ నా మీదికి తిరిగింది. తగ్గలేదు, రెండింతలైంది.

తర్వాతి ఆదివారం ప్రకటనల సమయంలో రంగు లేని షీటు పట్టుకుని లేచాను.

"కూసోమ్మా, ప్రార్థనయ్యాక మాటాడుదాం," అన్నాడు పెద్ద.

"కూర్చోనండి. ఇది ర్యాంపు. ఇది నేను గీశాను. మీ నీలం కింద పోయింది. పోయిందని మీకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఊరుకున్నాం. ఆవిడ ఎండలో ఉన్నారు."

పాస్టరుగారు తల దించుకున్నారు. వెనక వరసలోంచి మేస్త్రీ వచ్చి కాగితం తీసుకున్నాడు.

"ఇది నాకెవులూ సూపించనేదే! కుడిపక్క మెట్లు మూడడుగులు కొట్టేస్తే అతుకుద్ది."

"కొత్త మెట్లురా!" అన్నాడు పెద్ద. "నలుగురూ నవ్వుతారు."

"నవ్వనియ్యండి," అంది బయటినుంచి టీచరమ్మగారి గొంతు. బయట పెట్టించిన మైకు పుణ్యమా అని ఆవిడకు అంతా వినబడింది.

సోమవారం పొద్దున మేస్త్రీ సుత్తి ఎత్తాడు. పెద్ద రాలేదు. మొదటి దెబ్బకు పాలిష్ రాయి పగిలి నా కాళ్ల దగ్గర పడింది. నీలం షీటు ఇప్పటికీ చర్చి గోడకు అద్దం కట్టి ఉంది, కింద మూలన గీసినవారిగా నా పేరు. తీసేయమన్నాను. అందంగా ఉందంటున్నారు.