ఆపా పెట్టిన చుక్క

తొమ్మిదో తరగతిలో లెక్కలు, ఫిజిక్స్ రెండూ తప్పాక నాయన నాకోసం గద్వాలంతా ట్యూషన్ వెతికాడు. పునాదే లేదని మాస్టర్లు వద్దన్నారు. చివరికి మా వెనక వీధిలో అందరూ అక్కా అన్నట్టు ఆపా అని పిలిచే టీచరమ్మ ఒప్పుకుంది.

ఆమె తప్పును ఎన్నడూ కొట్టేసేది కాదు. ఒక్కో వరుసా చదువుకుంటూ వచ్చి, సరిగ్గా ఉన్న చివరి వరుస పక్కన పెన్సిల్‌తో చుక్క పెట్టేది. "ఈడిదాంక మంచిగొచ్చినవ్ బిడ్డా. ఈడికెల్లి మల్ల నడువు" అనేది.

లెక్కల పరీక్షలో మళ్లీ తప్పాను. నాయన ఆ పేపరు తీసుకెళ్లి, "దీనికి చదువు రాదు ఆపా, మాన్పిస్త" అన్నాడు. ఆమె పేపరంతా చుక్కలు పెట్టి ఆయన చేతికిచ్చింది.

"చూడు భయ్యా, నీ బిడ్డ ఏడిదాంక వచ్చిందో. గిప్పుడు మాన్పిస్తవా?"

నాయన ఆ చుక్కల్ని ఒక్కొక్కటే వేలితో తడిమాడు. మర్నాడు తనే నన్ను ట్యూషన్‌కు దిగబెట్టాడు. పదో తరగతి దాటాను.

నిరుడు నాయన తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక మళ్లీ నడక మొదలుపెట్టి, వంటింటి గడప దగ్గరే "నాతోని గాదు" అని కూలబడ్డాడు. నేను ఆయన పాదం పక్కన సుద్దముక్కతో చుక్క పెట్టాను. నాయన దాన్ని చూసి నవ్వాడు.

"ఆపా యాదికొచ్చింది. రేపు ఈడికెల్లి నడుస్త బిడ్డా."