వాసన చూసి చెప్పే బాబాయ్

పురుగుమందుల కొట్టు కనబడితే నాకిప్పటికీ గుంటూరులో అలాంటి కొట్టు నడిపిన ఓ పెద్దాయనే గుర్తొస్తాడు. అమ్మే ప్రతి డబ్బా మూత తీసి వాసన చూసేవాడు. "ఘాటుంది, అసలు సరుకే" అని ఆయనంటేనే పత్తి రైతులు తీసుకెళ్లేవారు.

తొంభైల చివర్లో, ఎన్ని మందులు కొట్టినా కాయతొలిచే పురుగు చావని ఏడు, నల్లపాడు రైతొకడు సీసా తెచ్చాడు.

"నకిలీదేమో చూడు బాబాయ్."

ఆయన కళ్లు మూసుకుని పీల్చాడు. "అసలు సరుకేరా."

"కొత్త సీసాలో మా బోరు నీళ్లు పోసి తెచ్చాను."

ఆయన సీసా బల్ల మీద పెట్టేశాడు.

"నాకు వాసన తెలీక ఏళ్లయిందిరా. ఈ మందులే ముక్కుని తినేశాయి. మీరు నమ్మి అడుగుతుంటే చెప్పలేకపోయాను."

"మరి నీ మాట మీద మందు కొట్టిన నా చేను?"

వెనక నిలబడ్డ ఇంకో రైతు తన డబ్బా ముందుకు జరిపాడు.

"అయినా ఓసారి చూసి చెప్పు బాబాయ్."