జీవరత్నం సార్‌ను దారి అడగొద్దు

జీవరత్నం సార్‌ను ఏమైనా అడగొచ్చు, ఏ దారిన వచ్చావని మాత్రం అడగకూడదు. ఆళ్లగడ్డ నుంచి రోజూ బండి మీద నంద్యాల వచ్చి కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. అంతకుముందు కాలేజీ పక్కనున్న నా టిఫిన్ కొట్టులో దోసె తింటాడు.

"శిరివెళ్ల మీద వచ్చినావా సార్, రుద్రవరం మీదనా?" అని మర్యాదకు అడిగితే ప్లేటు ఠక్కున కింద పెట్టేస్తాడు.

"వచ్చినా గదా కృపమ్మా. దారి నీకెందుకు? చట్నీ ఎయ్."

నాకూ ఒళ్లు మండి ఒకరోజు నిలదీశాను. ఆయన సంచిలోంచి లేజరు లైటు, సన్నటి రెండు సందులున్న రేకు తీశాడు. నా గోడ మీద ఎర్రటి చారలు పడ్డాయి.

"రెండు దార్లూ తెరిచుంటేనే ఈ చారలు." సందులకు చెరో నల్లద్దం ముక్క అంటించాడు, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. చారలు పోయాయి. "ఏ సందులోంచి వచ్చిందో వెలుతురు మీద గుర్తు పడింది. ఎవురూ చూడాల్సిన పన్లే. ఆ సమాచారం ఉంటే చాలు, చారలు పాయె."

సందులకూ గోడకూ మధ్య ఇంకో ముక్క ఏటవాలుగా పట్టాడు. చారలు మళ్లీ వచ్చాయి.

"గుర్తు చెరిపేసినా."

"దోసె మాడిపోతాంది సార్."

"మాడనీ."

పోయిన నెల కాలేజీ ల్యాబులో పెద్ద దీపం పగిలింది. పగలగొట్టినవాళ్లను పరీక్షకు కూర్చోనివ్వనన్నాడు ప్రిన్సిపాల్. అక్కడే చదివే మా అమ్మాయి షాలిని ఫోన్ చేసి ఏడ్చింది, "నా చెయ్యే తగిలింది మా" అని. ఏడాది పోతుందని పరిగెత్తాను.

అప్పటికే సార్ పిల్లలందరి చేతా గాజుపెంకులు ఏరించాడు. అందరి ల్యాబు కోట్ల మీదా గాజుపొడే.

"ఎవరయ్యా పగలగొట్టింది?" అన్నాడు ప్రిన్సిపాల్.

"ఆ సమాచారం లేదు సార్."

"నువ్వు ఈడే ఉన్నావు గదా?"

"బోర్డు దిక్కు తిరిగినా. ఆపితే అందరినీ ఆపండి. నన్నూ ఆపండి."

ప్రిన్సిపాల్ ముఖం ఎర్రబడింది. భయమేసి, ఒప్పేసుకుని కాళ్లు పట్టుకుందామని "అయ్యా, మా పిల్ల..." అంటూ ముందుకొచ్చాను. సార్ నా మీద గుడ్లురిమాడు.

"కృపమ్మా, ఏ దారిన వచ్చినావ్?"

ఆ నోట ఆ మాట వినేసరికి గబుక్కున వెనక్కి తగ్గాను. ప్రిన్సిపాల్ అందరినీ తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. పిల్లలంతా పరీక్ష రాశారు.

ఇప్పుడు నేను దారి అడగను. నిన్న ఆయనే, "శిరివెళ్ల కాడ అన్నీ గుంతలే" అని దోసె తింటూ తిట్టుకున్నాడు.

"చెప్పొద్దు సార్, చారలు పోతాయి."

ప్లేటు ఠక్కున పెట్టాడు. "రెండో దోసె ఎయ్."