అబ్దుల్లా కూతురు

మొన్న శుక్రవారం మా స్కూల్లో పనిచేసే టీచరమ్మ కూతురి పెళ్ళికి వెళ్ళాను. బెంజి సర్కిల్ దాటాక ఒక ఫంక్షన్ హాలు. ఆడవాళ్ళ వైపు ఏసీ పనిచేయడం లేదు, పిల్లలు కుర్చీల మధ్య పరుగులు పెడుతున్నారు, వెనక వంటల దగ్గర దమ్ బిర్యానీ మూత తీసినట్టున్నారు, హాలంతా ఆ వాసనే. మైకులో ఖాజీగారు పెళ్ళికూతురి పేరు చదివి, వెంటనే ‘ఫలానా వారి కుమార్తె’ అని తండ్రి పేరు చదివారు. ఊపిరి పీల్చినంతసేపు కూడా పట్టని మాట. పక్కనున్నావిడ నా ముఖం చూసి “బీపీ ఏమైనా ఉందాండీ?” అని అడిగింది. లేదన్నాను. ఉన్నది కోపం. దానికి మాత్రలు దొరకవు.

మా మేనత్తను మేము ఫుప్పు అంటాం, ఆవిడ భర్తను ఫుప్పా. ఫుప్పాకి ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఉండేది. రోజంతా సుత్తిదెబ్బల మధ్య గడిపే మనిషి కావడంతో ఇంట్లో కూడా అదే గొంతు. ఆయన రహస్యంగా చెప్పిన మాట వీధి చివర టీకొట్టుకు వినిపించేది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. డాక్టర్లయ్యారు, దర్గాలయ్యాయి, చివరికి ఒకరోజు ఇద్దరూ ప్రభుత్వ శిశుగృహానికి వెళ్ళి, కోర్టు చుట్టూ తిరిగి, ఐదు నెలల పాపను ఇంటికి తెచ్చుకున్నారు. కన్నవాళ్ళెవరో ఎవరికీ తెలియదు. ఫుప్పా సాయంత్రం ఇంటికి రాగానే చేతులకంటిన పెయింటును కిరసనాయిలుతో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని, వేళ్ళు వాసన చూసుకుని, మళ్ళీ కడుక్కుని, అప్పుడు గానీ పాపను ఎత్తుకునేవారు కాదు. జుట్టులో రంపప్పొట్టు మాత్రం అలాగే ఉండేది. పాప దాన్ని ఏరి నోట్లో పెట్టుకునేది. “మా పిల్లకి టేకు తప్ప వేరే చెక్క నచ్చదండీ” అని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవారు. స్కూల్లో చేర్చినప్పుడు తండ్రి ఎవరని అడిగితే తన పేరు చెప్పారు. ఎవరూ కాదనలేదు.

ఆ పిల్ల పెద్దమనిషయ్యాక వచ్చారు, మా మసీదు కమిటీలోని హాజీ సాబ్. ఆయన్ని చెడ్డవాడని రాసేస్తే నాకు సులువు. కానీ మా పేట వరదలో మునిగినప్పుడు నడుంలోతు నీళ్ళలో ఇంటింటికీ పాలప్యాకెట్లు మోసింది ఆయనే. కుర్చీలో కూర్చుని, ఫుప్పు ఇచ్చిన టీ తాగి, మెల్లగా చెప్పారు: “ఎవరో కన్న బిడ్డను ప్రేమగా పెంచడం పుణ్యం. కాదనను. కానీ పెంచినంత మాత్రాన కూతురు కాదు. షరియత్ ప్రకారం మీరు ఆ పిల్లకు పరాయి మగవారు. ఇకమీదట తల కప్పుకునే మీ ముందుకు రావాలి. ఇంట్లో మీరిద్దరే ఉండకూడదు.” ఖాళీ గ్లాసు కింద పెట్టి, “చంటిపిల్లగా ఉన్నప్పుడు మీ చెల్లెలు పాలు పట్టి ఉంటే ఈ ఇబ్బందే ఉండేది కాదు. అప్పుడు మేనమామ వరస అయ్యేవారు” అన్నారు. గుమ్మంలో నిలబడ్డ ఫుప్పుకి ఒళ్ళు మండింది. “నాలుగుసార్లు పాలిస్తే చుట్టరికం, పన్నెండేళ్ళు గుండెల మీద వేసుకుని పెంచితే పరాయివాడా? ఇదేం లెక్కండీ?” ఆయన తల వంచుకుని, “లెక్క నేను పెట్టింది కాదమ్మా” అన్నారు.

ఫుప్పా దైవభక్తి గల మనిషి. ఎదురు చెప్పలేదు. మర్నాటి నుంచి సొంత ఇంట్లోకి వచ్చే ముందు వాకిట్లో నిలబడి దగ్గడం మొదలుపెట్టారు. ఆయన దగ్గితే పక్కింటి మేకలు బెదిరేవి. మొదటి రోజు పిల్ల నవ్వింది. రెండో రోజు కూడా నవ్వింది. వారం తిరిగేసరికి, ఆ దగ్గు వినగానే లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయేది. ఫుప్పా మంచం మీద ఒక్కరే కూర్చుని భోంచేసేవారు.

నేను సోషల్ టీచర్ని. ప్రతి బిడ్డకూ పేరు, కుటుంబం పొందే హక్కు ఉందని, మతం, కులం, దేశం ఏదైనా ఆ హక్కు పోదని పొద్దున తొమ్మిదో తరగతికి పాఠం చెప్పి, సాయంత్రం ఫుప్పు ఇంటికి వెళ్ళి ఆ దగ్గు వినేదాన్ని. నేను నమాజు మానే మనిషిని కాను. అనాథగా పెరిగిన ప్రవక్త తెచ్చిన ధర్మం అనాథను ఒంటరిని చేస్తుందని ఇప్పటికీ నమ్మలేను. ఇదే మాట మా నాన్నతో అన్నాను. “ఆ నియమం వెనక న్యాయముందమ్మా. అనాథకు కన్నవాళ్ళ గుర్తు చెరిపేయకూడదని పెట్టారు” అన్నారు. “ఆ గుర్తే లేని పిల్లకు?” అన్నాను. నాన్న కళ్ళజోడు తీసి లుంగీ అంచుతో తుడవడం మొదలుపెట్టారు. జవాబు లేనప్పుడు ఆయన కళ్ళజోడు ఎప్పుడూ మురికిగానే ఉంటుంది.

ఆ పిల్ల డిగ్రీ అయ్యాక మంగళగిరి సంబంధం కుదిరింది. అబ్బాయి బట్టల షాపులో అకౌంటెంటు, నెమ్మదస్తుడు, అన్నీ తెలిసే ఒప్పుకున్నాడు. నిఖా రోజు ఖాజీగారు, చిన్న వయసాయన, వధువు తండ్రి పేరు అడిగారు. ఫుప్పా తన పేరు చెప్పారు. హాజీ సాబ్ అడ్డొచ్చారు. “అలా చదవకూడదు. తండ్రెవరో తెలియదు కాబట్టి అబ్దుల్లా కూతురు అని చదవండి. అబ్దుల్లా అంటే అల్లా దాసుడనే కదా, అందరం ఆయన దాసులమే, తప్పులేదు.” మైకు ఆన్‌లోనే ఉందని ఎవరూ చూసుకోలేదు. తండ్రెవరో తెలియదన్న మాట మూడొందలమంది విన్నారు. తెర వెనక ఎర్ర ముసుగులో కూర్చున్న పిల్ల కూడా విన్నది.

సాక్షులతో తెర దగ్గరికొచ్చి ఖాజీగారు అడిగారు: “అబ్దుల్లా కూతురువైన నీకు ఈ నిఖా సమ్మతమేనా?” మళ్ళీ అడిగారు. ఆడపిల్ల నోటితో ఒప్పుకోకుండా నిఖా లేదన్నది కూడా ఆ ధర్మమే. ముసుగులోంచి స్పష్టంగా వినిపించింది: “ఆ పేరుగలాయన ఎవరో నాకు తెలీదండీ. మా అబ్బా అక్కడే స్టేజీ దగ్గర నిలబడ్డారు. ఆయన పేరు చెప్పి అడగండి.”

కలకలం రేగింది. ఎవరో “పొగరు” అన్నారు. ఖాజీగారు మాత్రం కోప్పడలేదు. “ఆయన పెంచిన బిడ్డ అని చదువుతానమ్మా. అందులో తప్పేమీ లేదు” అన్నారు. “మైకులో కూడానా?” అని అడిగింది. “మైకులో కూడా.” అప్పుడు “కబూల్” అంది.

ఖాజీగారు స్టేజీ ఎక్కాక హాజీ సాబ్ ఆయన చెవిలో ఏదో చెప్పారు. మైకులో వినిపించింది: అబ్దుల్లా కూతురు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్న పిల్ల నావైపు తిరిగింది. “ఆపా, నేను ఒప్పుకుంది దీనికి కాదు కదా” అని అక్కనైన నన్ను అడిగింది. ఫుప్పు లేచి తెర పక్కకు లాగి “తప్పు చదివారు!” అని అరిచింది. అప్పటికే ముబారక్ ముబారక్ అని మగవాళ్ళు కౌగిలించుకుంటున్నారు, ఖర్జూరాలు పంచుతున్నారు. ఆ సందట్లో ఆవిడ గొంతు ఎవరికీ వినపడలేదు. ఫుప్పా తలవంచుకుని వచ్చినవాళ్ళ చేతుల్లో ఖర్జూరాలు పెడుతూనే ఉన్నారు. తర్వాత నేను అడిగితే “నిఖా అయిపోయింది కదమ్మా, పిల్ల చల్లగా ఉంటే చాలు” అన్నారు. ఆయన అంత మెల్లగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

నాలుగేళ్ళకు ఫుప్పా గుండెపోటుతో పోయారు. పిల్ల కబురందగానే ఆటోలో మంగళగిరి నుంచి వచ్చింది. స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టారు, ముఖం మాత్రం తెరిచి ఉంచారు. దగ్గరివాళ్ళే చూడాలి అన్నారు. గుమ్మం దగ్గర హాజీ సాబ్, ఆయన పక్కన మా నాన్న. “ఈ పిల్ల వద్దు. పోయినాయనకు పాపం చుట్టుకుంటుంది” అన్నారు హాజీ సాబ్. ఆయనా ఏడుస్తూనే ఉన్నారు. పిల్ల ఆయన వైపు చూడలేదు. మా నాన్నతో “మామూ, దారివ్వండి” అంది. నాన్న ఒక్క క్షణం కదల్లేదు. తర్వాత పక్కకు జరిగి, హాజీ సాబ్ భుజం పట్టుకుని ఆయన్ని కూడా జరిపారు. పిల్ల లోపలికెళ్ళి ఫుప్పా నుదుటి మీద ముద్దు పెట్టి, చెంపకు చెంప ఆనించి, “అబ్బా, దగ్గకుండా వచ్చేశావేంటి ఇవాళ” అంది.

ఖననం అయ్యాక నాన్న నా పక్కన కూర్చుని, “తప్పు చేశానేమోనమ్మా, దేవుడికేం జవాబు చెప్పాలో” అన్నారు. ఆయన జీవితంలో నేను చూసిన మంచి పనుల్లో అదొకటి. దాన్ని కూడా ఆయన పాపాల్లో వేసుకుంటున్నారు. నాకు ఏడుపు రాలేదు, గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. ఇప్పటికీ ఆ సంగతి ఎత్తితే నాన్న, “ఇలాంటివి నెమ్మదిగా మారతాయమ్మా, టైం పడుతుంది” అంటారు. పడుతుంది, నాకూ తెలుసు. ఆ పట్టే టైమంతా ఎవరి బతుకులోంచి పోతోందో మాత్రం ఆయన చెప్పరు.