జేబుల ఎరబిళ్ల

మాది ఏన్కూరు దగ్గర మిరపతోట. రెండేండ్ల కింద, పిల్లనిచ్చిన మామ పదోదినం నాడు, పొద్దున్నే తోటల ఎరబిళ్లలు మార్చిన. ఎరబిళ్లంటే ఆడ రెక్కలపురుగు వాసనొచ్చే చిన్న రబ్బరు బిళ్ల. దాన్ని బుట్టల పెడితే మగపురుగులు వెతుక్కుంట వచ్చి పడతయ్, పంట మిగులుతది. మిగిలిన బిళ్లొకటి జేబుల ఏసుకొని, ఆ సంగతే మరిచి ముదిగొండల అత్తగారింటికి పోయిన. వాళ్లింటి చుట్టూ కూడ మిరపతోటలే.

అక్కడ పిట్టకు పెట్టిన ముద్దను పొద్దుగూకేదాక ఒక్క కాకి ముట్టలేదు. ఆయనకేం కోరిక మిగిలిందోనని అత్త మంచినీళ్లు కూడ తాగలేదు. అందరం వాకిట్ల కూసున్నం. అప్పుడొచ్చినయ్ రెక్కలపురుగులు, ఒకదానెనక ఒకటి, పది దాక. అన్నీ నా అంగీ మీదనే వాలినయ్.

"కదలకు బావా, నాయిన వచ్చిండు" అన్నడు బావమరిది.

అత్త దగ్గరికొచ్చి నా జేబు దిక్కు చూసుకుంట ఏడ్చింది. "కాకివై రాకుంటే ఏమాయె, గిట్లనన్న వచ్చినవ్. అల్లుడంటే నీకు గంత పానమా?"

నాకప్పుడు బిళ్ల యాదికొచ్చింది. మామ వచ్చింది నా కోసం కాదు, ఆడపురుగు వాసనకని అత్తకెట్ల చెప్పాలె? అరగంట కదలకుండ కూసున్న. అత్త లేచి అన్నం తిన్నది.

నిరుడు సంవత్సరీకానికి అత్త ఫోన్ చేసింది. "తప్పక రా బిడ్డా. నువ్వుంటెనే ఆయనొస్తడు."

నేనైతే ఇప్పటిదాక ఒక్క అబద్ధం చెప్పలేదు. కొత్త బిళ్లొకటి జేబుల ఏసుకొని పోయిన.