ఒంటి సంగతులు చెప్పిన వసంత మేడం

మొన్న మధ్యాహ్నం సంగటి ముద్దను చెనిక్కాయల ఊరిబిండిలో, అదే వేరుశనగ పచ్చడిలో అద్దుకుని నోట్లో పెట్టుకున్నానో లేదో, పొలమారింది. ఎండుమిరపకాయల ఘాటు గొంతులోంచి ముక్కులోకి ఎక్కింది. ఊపిరందక, కళ్ళు ఎర్రబడి నేను తంటాలు పడుతుంటే మా అత్త పక్కకు జరిగి నా నడినెత్తిన తట్టింది. "ఎవురో తలుచుకుంటా ఉండారు నిన్ను," అంది. దగ్గు తగ్గి, నీళ్ళు తాగి, కొంగుతో ముఖం తుడుచుకున్నాక నాకు నవ్వొచ్చింది. నన్నెవరు తలచుకున్నారో తెలియదు గాని, నేను మాత్రం వసంత మేడంను తలచుకున్నాను. అన్నం పోయే గొట్టం, గాలి పోయే గొట్టం ఒకదాని ముందర ఒకటి ఉంటాయని, మింగిన ప్రతిసారీ గాలిగొట్టం మీద ఒక చిన్న మూత వాలుతుందని, తింటూ మాట్లాడితే ఆ మూత ఒక్కోసారి తడబడుతుందని, దారి తప్పిన మెతుకును బయటికి తరమడానికి ఒళ్ళు చేసే ప్రయత్నమే దగ్గని నాకు చెప్పింది ఆవిడే.

నేను పుట్టింది పుత్తూరులో. పెళ్ళయి రేణిగుంటకు వచ్చిన కొత్తలో తిరుపతిలోని ఒక చిన్న రేడియో కేంద్రంలో నాకు ఉద్యోగం దొరికింది. చుట్టుపక్కల కొన్ని మండలాలకు మాత్రమే వినిపించే రేడియో అది. శబ్దం బయటికి పోకుండా గోడలకు పరుపులు కొట్టిన ఒక గది, ఒక బల్ల, రెండు మైకులు, అంతే. పాటలు వేయడం, మార్కెట్టు ధరలు చదవడం, వచ్చిన అతిథులను ప్రశ్నలడగడం నా పని. మనిషి ఒళ్ళు ఎలా పనిచేస్తుందో మామూలు జనానికి అర్థమయ్యేటట్టు చెప్పే కార్యక్రమం ఒకటి వారం వారం వేద్దామని మావాళ్ళు అనుకున్నారు. దానికి పిలిపించిన మనిషి వసంత మేడం. వైద్య విద్యార్థులకు ఏళ్ళ తరబడి అదే పాఠం చెప్పి రిటైరైనావిడ. చిత్తూరు పక్క పల్లె మనిషి. పెళ్ళి చేసుకోలేదు. పొట్టిగా, బొద్దుగా, ముదురు రంగు నూలు చీరలో, కొంచెం బొంగురుపోయిన గొంతుతో ఉండేది. ఎవరినైనా పలకరిస్తే పూర్తిగా వాళ్ళవైపు తిరిగి పలకరించేది. అంత చదువుకున్నావిడ మా ఇళ్ళలో మాట్లాడినట్టే మాట్లాడటం మొదట్లో నాకు వింతగా ఉండేది.

మొదటి రోజు రికార్డింగు నాకిప్పటికీ తలచుకుంటే సిగ్గే. పొద్దున ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చాను. ఎర్ర దీపం వెలిగింది. ఎవరో రాసిచ్చిన ప్రశ్నను నేను గంభీరంగా చదవబోయాను. సరిగ్గా అప్పుడే నా కడుపు గురగురమని మూలిగింది. ఆ గదిలో చీమ నడిచినా మైకుకు వినిపిస్తుంది. నేను బిక్కచచ్చిపోయి రికార్డింగు ఆపబోతే మేడం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆపొద్దు పాపా. మంచి ప్రశ్న అడిగింది నీ కడుపు. ఆకలైతే కడుపెందుకు అరస్తాది? సెప్తా విను," అని నేరుగా మైకులోనే మొదలుపెట్టింది. "సుట్టాలొచ్చి తినిపోయినాక ఇల్లు ఊడ్చుకుంటాం కదా. మన పేగులూ అంతే. తిన్నది అరిగి ముందుకు పోయినాక, ఖాళీగా ఉన్నప్పుడు, పైనుంచి కిందికి ఒక అల మాదిరి ముడుచుకుంటా వస్తాయి. మిగిలిన తుక్కంతా ఊడ్చేస్తాయి. లోపల ఉండే గాలి, నీళ్ళు కదిలి ఆ సప్పుడు వస్తాది. కడుపు అరిస్తే సిగ్గుపడాల్సిన పనిల్యా. ఇల్లు శుభ్రంగా ఉండాదని అర్థం."

ఆ రికార్డింగును అలాగే వేశాం. నా కడుపు మూలుగుతో సహా. బయటికొచ్చాక ఆవిడ తన సంచీలోంచి టిఫిన్ డబ్బా తీసి రెండు ఇడ్లీలు నా చేతిలో పెట్టింది. ఆ రాసిచ్చిన ప్రశ్నల కాగితాన్ని మడిచి పక్కన పెట్టి, "ఇంగ మీద నీకు నిజంగా తెలుసుకోవాలనిపించిందే అడుగు. పరీక్ష కోసం అడిగేవాళ్ళతో నాకు విసుగొచ్చేసింది," అంది.

అట్లా మా కార్యక్రమం సాగింది. చలికి వెంట్రుకలు ఎందుకు నిక్కబొడుచుకుంటాయి, ఎండలో తిరిగొస్తే ముఖం ఎందుకు ఎర్రబడుతుంది, ఆవలింత ఒకరిని చూసి ఒకరికెందుకు వస్తుంది, అన్నీ అడిగేదాన్ని. ఆవలింత సంగతి తనకూ పూర్తిగా తెలియదని, తెలిసిందని చెప్పేవాళ్ళు కూడా ఊహే చెబుతున్నారని ఆవిడ మైకులోనే ఒప్పుకుంది. తర్వాత నేరుగా ఫోన్లు తీసుకోవడం కూడా మొదలుపెట్టాం.

ఒకరోజు సత్యవేడు దగ్గరి నుంచి ఒక రైతు ఫోను చేశాడు. గట్టు మీది నుంచి పడి ముంజేయి విరిగితే ఎముకల నాటువైద్యానికి పేరుపడ్డ పుత్తూరు వెళ్ళి కట్టు కట్టించుకున్నాడట. "ఇది సాలునా మేడం? మా బామ్మర్ది ఆస్పత్రికి పోవల్లంటాడు. మా నాయన వద్దంటాడు. ఇంట్లో ఇదే రగడ," అన్నాడు. నేను మేడం వైపు చూశాను. పుత్తూరులో పుట్టినదాన్ని. మా ఊరి కట్టును ఆవిడ తీసిపారేస్తే వినలేను, అట్లాగని డాక్టర్లకు పాఠాలు చెప్పిన మనిషి ఇంకేమంటుంది?

"ఎముకను అతికించేది కట్టూ కాదప్పా, ఆస్పత్రీ కాదు. నీ ఎముకే," అంది మేడం. "విరిగిన తావున ముందు రక్తం గడ్డకడతాది. దాంట్లో మెత్తని ఎముక పుడతాది. అది మెల్లింగా గట్టిపడతాది. వంకర లేకుండా, కదలకుండా చూసుకునేది మన పని. వంకరుండాదా లేదా అనేది ఎక్స్‌రే ఫోటో తీస్తేనే తెలుస్తాది. అది సరే, ఇప్పుడు నీ వేళ్ళు ఎట్లుండాయి?"

"తిమ్మిరిగా ఉండాయి మేడం. పొద్దన్నుంచి సల్లగా అయిపోయినాయి."

మేడం గొంతు పెరగలేదు గాని మారింది. "అయితే నీ చెయ్యి వాచి కట్టు బిగువైనట్టుండాది. అది కట్టినోళ్ళ తప్పు కాదు, నీ తప్పూ కాదు. సిమెంటు కట్టు కిందైనా వాచొచ్చు. కానీ వేళ్ళకు రక్తం పోయే దోవ మూసుకుంటా ఉండాది. ఫోను పెట్టేసి, ఎవరినైనా తోడు తీసుకోని ఇప్పుడే ఆస్పత్రికి పో. మా మాటలు మళ్ళీ వారం వినొచ్చు."

మరుసటి వారం అతనే ఫోను చేసి వేళ్ళు బాగున్నాయని చెప్పాడు. అతనికి కార్యక్రమంలో బాగా నచ్చింది అదొక్కటేనట, తప్పు ఎవరిదీ కాదని ఆవిడ అనడం. ఇంట్లో రగడ ఆ మాటతోనే ఆగిందట. ఆ రోజు అది విని నవ్వుకున్నాను. ఆ మాట నాకే కావలసి వస్తుందని అప్పుడు తెలియదు.

ఆ తర్వాతి ఏడాది నేను కడుపుతో ఉన్నాను. మూడో నెలలో పోయింది. ఆసుపత్రిలో శుభ్రం చేసి పంపించారు. ఎందుకు పోయిందని అడిగితే, "అట్లా అవుతుంటుందమ్మా, మళ్ళీ వస్తుంది," అన్నారు. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాను. మా ఆయన ఫ్యాక్టరీ షిఫ్టుకు వెళ్ళొస్తూ పక్కన కూర్చునేవాడు. అత్త మాత్రం ఊరుకోలేదు. "బస్సులో ఊగులాడతా తిరగొద్దంటే ఇనిందా? ఆ రేడియో లేకుంటే లోకం ఆగిపోతాదా?" అని వచ్చినవాళ్ళ దగ్గరల్లా చెప్పేది. నాకు కోపం రాలేదు. నిజమేనని నమ్మాను. ఒకరోజు సీటు దొరక్క నిలబడి ప్రయాణం చేశాను. గుంతలో బస్సు ఎగిరిపడింది. ఆ కుదుపునే పదే పదే తలచుకునేదాన్ని. ఉద్యోగం మానేస్తున్నానని కబురు పంపాను.

మేడం షేర్ ఆటోలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నా పక్కన మంచం మీద కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. అత్త కాఫీ తెచ్చి ఇస్తూ, ఆవిడ ముందర కూడా అదే మాట అంది. నేను కళ్ళు మూసుకున్నాను. మేడం కాఫీ తీసుకుని, "నువ్వూ కూర్చోమ్మా," అంది. "నీకెంతమంది బిడ్డలు?"

"ఇద్దురు. నడమ ఒకటి తొలి నెలల్లోనే పోయింది," అంది అత్త.

ఆ సంగతి నాకప్పటిదాకా తెలియదు. మా ఆయనకూ తెలియదని తర్వాత తెలిసింది.

"అప్పుడు ఎందుకు పోయిందన్నారు?"

అత్త గడప దగ్గర కూర్చుంది. "చెనిక్కాయల మూట ఎత్తినాను కల్లంలో. ఎత్తొద్దని మా అత్త సెప్తానే ఉండె. ఆయమ్మ సచ్చిపోయేదాకా అదే అనింది. నా సేతులతో నేనే పోగొట్టుకున్నానని."

మేడం గ్లాసు కింద పెట్టింది. "ఇద్దరూ వినండి," అంది. రేడియోలో చెప్పే గొంతే అది, కానీ ఇంకా మెత్తగా ఉంది. "బిడ్డంటే తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం కలిసి తయారయ్యేది. కన్ను ఎట్లుండల్ల, గుండె ఎట్లుండల్ల అని అన్నీ ఆ రెండు సగాల్లోనే ఉంటాయి. ఆ సగాలు తయారయ్యేటప్పుడో, కలిసేటప్పుడో ఒక్కోసారి ఒక తునక ఎక్కువో తక్కువో అవుతాది. అది ఎవురి చేతిలోనూ లేదు. అట్లయినప్పుడు బిడ్డ కొంత దూరం పెరిగి, ఇంగ పెరగలేక ఆగిపోతాది. తొలి నెలల్లో పోయేవి ఎక్కువ ఇట్ల పోయేవే. ఆ నెలల్లో గర్భసంచి నడుం ఎముకల గిన్నె లోపల భద్రంగా ఉంటాది. దాంట్లో నీళ్ళు, ఆ నీళ్ళలో బిడ్డ. బస్సు కుదుపు ఆడికి పోదు. మూట బరువూ పోదు. నువ్వు బస్సెక్కకపోయినా అది నిలిచేది కాదు పాపా. నువ్వు మూట ఎత్తకపోయినా అది నిలిచేది కాదమ్మా."

అత్త తల ఎత్తి మేడం ముఖంలోకి చూసింది. తర్వాత, "నిజంగానా?" అంది. మేడం తల ఊపింది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేని ఏడుపు. అన్నేళ్ళు లోపల దాచుకున్నది ఆ మధ్యాహ్నం మా ఇంట్లో బయటపడింది. నేను లేచి వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. మేము ఆ రోజు నుంచే అత్తాకోడళ్ళం అయ్యామని నాకనిపిస్తుంది. మళ్ళీ ఉద్యోగానికి వెళ్ళిన రోజున నాకు క్యారియర్ కట్టింది ఆమే.

నేను వెళ్ళాక, ఆ విషయం మీదే కార్యక్రమం చేద్దామన్నాను. "నీకు కష్టం కాదా?" అని అడిగింది మేడం. కష్టమేనన్నాను. మైకు ముందు, నాకు జరిగిందని నా గొంతుతోనే చెప్పి, ఎందుకు జరిగిందని అడిగాను. ఆవిడ మా ఇంట్లో చెప్పినట్టే చెప్పింది. ఎక్కువ సార్లు ఇదే కారణమని, మళ్ళీ మళ్ళీ పోతుంటే మాత్రం వేరే కారణాలుండొచ్చు కాబట్టి డాక్టరుకు చూపించుకోవాలని కూడా చెప్పింది. ఫోన్లలో ఎక్కువ ఆడవాళ్ళవే. కొందరు పేరు కూడా చెప్పలేదు. చివర ఒక మగమనిషి చేశాడు.

"మా ఆడమనిషి ఈడే ఉండాది మేడం. మాట్లాడదు. ఆ మాట ఇంగోసారి సెప్పండి. ఫోను ఆయమ్మ సెవి దగ్గర పెడతా."

మేడం మైకును వదిలి, ఫోనును తన చేతిలోకి తీసుకుంది. "నీ వల్ల పోలేదమ్మా," అంది. అటునుంచి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆవిడ తొందరపడలేదు. పాట వేసే సమయం దాటిపోయినా నేను వేయలేదు.

ఆ రోజు బయట మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఆవిడ వాళ్ళమ్మ గురించి చెప్పింది. వాళ్ళమ్మ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, "నా ఒంట్లో ఏమైతా ఉండాది?" అని వచ్చినవాళ్ళందరినీ అడిగేదట. చెప్పే తీరిక ఎవరికీ లేదు. "నేనప్పుడు చదువుకుంటా ఉన్నాను. నేనైనా చెప్పుండొచ్చు. ఆయమ్మకేం అర్థమవుతాదిలే అనుకున్నాను. అర్థమయ్యేట్టు చెప్పేది అప్పటికి నాకు రాదు," అంది. అంతకు మించి ఆ సంగతి ఎప్పుడూ మాట్లాడలేదు.

కొన్నేళ్ళకు మేడం గుండె అలసిపోయింది. కాళ్ళు వాచాయి. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. తిరుపతిలోనే ఆసుపత్రిలో చేర్చారు. నేను పొద్దున్నే వెళ్ళేసరికి వెనక దిండ్లు పెట్టించుకుని కూర్చుని ఉంది. కిటికీలోంచి ఎండ ఆవిడ చేతుల మీద పడుతోంది. ఎప్పుడూ లేనిది, ఆ కళ్ళలో భయం చూశాను. ఒంటి గురించి అంతా తెలిసిన మనిషికి భయముండదని నేను అనుకునేదాన్ని.

"నాకేమైతా ఉండాదో చెప్పు పాపా," అంది.

"మీకు తెలియనిదా మేడం?"

"తెలుసు. అయినా ఎవురన్నా చెప్తే వినాలని ఉండాది."

కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. "మీ గుండె కండరానికి బలం తగ్గింది మేడం," అన్నాను. "ముందుకు తోయాల్సిన రక్తాన్ని పూర్తిగా తోయలేకపోతోంది. అది వెనక నిలబడితే ఆ బరువుకు ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతోంది. పడుకుంటే నీరు పరుచుకుంటుంది, అందుకే ఆయాసం. కూర్చుంటే కిందికి దిగుతుంది, అందుకే నయం. ఆ నీటిని మూత్రంలో బయటికి పంపడానికే మందు ఇస్తున్నారు. మీ గుండె మీ కోసం చేయగలిగిందంతా చేస్తోంది. దాని తప్పేమీ లేదు."

ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. "బాగా చెప్పినావు," అంది. కాసేపటికి, "ఒకటి మరిచిపోయినావు. ఆయాసమొచ్చినప్పుడు కంగారు పడితే గుండెకు పని ఇంకా పెరుగుతాది. పక్కన ఒక మనిషి ఉంటే అది తగ్గుతాది," అంది. నేను ఆ రోజంతా అక్కడే ఉన్నాను. ఆ వారంలోనే ఆవిడ పోయింది.

ఆవిడ చెప్పిన సంగతుల్లో సగం నేను మరిచిపోయాను. కొన్ని ఇప్పుడు కలగాపులగం అవుతాయి కూడా. కార్యక్రమాన్ని ఇప్పుడు ఒక యువ డాక్టరు చేస్తున్నాడు, ప్రశ్నలు నేనే అడుగుతాను. నాలో మిగిలింది సమాచారం కాదనుకుంటాను. మనిషి తన ఒంటిని చూసి భయపడుతున్నప్పుడో, దాని ముందు దోషిలా నిలబడినప్పుడో, పక్కన కూర్చుని లోపల ఏం జరుగుతుందో నెమ్మదిగా చెప్పడం ఒక రకమైన ఆదరణ అని ఆవిడ దగ్గరే తెలుసుకున్నాను.

వచ్చే వారం మా అత్తకు కంటి ఆపరేషను. నిన్న పరీక్షలకు తీసుకెళ్తే, అక్కడి బల్ల మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "వయసులో ఉన్నప్పుడు శానా ఏడ్చినాను సుగుణా. ఏడ్చి ఏడ్చి కండ్లు నేనే పాడు చేసుకున్నాను," అంది. నేను ఆమెవైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాను. కంటిలోపల అద్దం లాంటి చిన్న బిళ్ళ ఉంటుందని, వయసుతో అది మసకబారుతుందని, దాన్ని తీసి కొత్తది పెడతారని చెప్పాను.

"ఏడిస్తే కన్ను పాడవదత్తా," అన్నాను. "కన్నీళ్ళు కంటిని కడుగుతాయి."

నర్సు ఆమె పేరు పిలిచింది. అత్త వెంటనే లేవలేదు. "అయితే నా ఏడుపు నుంచి కాదా," అంది, తనలో తనే. తర్వాత నా భుజం ఆసరాగా పట్టుకుని లేచి నిలబడింది.